ప్యాంక్రియాస్ గడ్డకి కరెంట్ పల్స్ వైద్యం: ఒక మత్తు డాక్టర్ సమాధానం

ముందు మూడు మాటలు సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కరెంట్ పల్స్‌తో క్యాన్సర్ గడ్డని చంపే వైద్యం నిజంగానే ఉంది. దాని కోసం ఇప్పుడు నడుస్తున్న కీమో ఆపకండి. మీకు చూపించిన ఆ నడుం బెల్టు కొనకండి.

మీరు రాసింది ఇదీ. గాజువాకలో ఉంటున్న మీ నాన్నగారికి 61 ఏళ్లు. కామెర్లు వస్తే పరీక్షలు చేయించారు, ప్యాంక్రియాస్ (క్లోమం) తలభాగంలో గడ్డ బయటపడింది. పైత్యనాళంలో స్టెంట్ వేశారు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. లివర్‌కి పాకలేదు గానీ, పేగులకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనిని గడ్డ చుట్టేసింది. అందుకని ఇప్పట్లో ఆపరేషన్ కుదరదు, కీమో ఇచ్చి చూద్దాం అన్నారు. రెండు సైకిళ్లు అయ్యాయి. ఈలోగా మీ మావయ్యగారు వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. కోత లేదు, వేడి లేదు, కరెంట్ పల్స్ క్యాన్సర్ కణాలను మాత్రమే వెతికి చంపుతుంది అని అందులో ఉంది. అదే టెక్నాలజీ అంటూ ఊళ్లో ఒకాయన బ్యాటరీ బెల్టు అమ్ముతున్నాడు. కీమో మాన్పించి ఈ దారిలో వెళ్లమంటారా అని అడిగారు.

నేను మత్తు డాక్టర్ని. ఇంగ్లండులో పనిచేసిన రోజుల్లో ఈ పల్స్ కేసులకి మత్తు ఇచ్చాను, ఇప్పుడు విశాఖలోనే ఉంటున్నాను. గడ్డలోకి సూదులు గుచ్చేది నేను కాదు, ఆ పని స్కాన్ చూస్తూ సూదులతో వైద్యం చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుది లేదా సర్జన్‌ది. కానీ ఒక్కొక్క పల్స్ పడుతున్నప్పుడు పేషెంటు గుండె, బీపీ, కండరాలు ఏమవుతున్నాయో చూస్తూ తలవైపు నిలబడేది మేమే. ఆ అనుభవంతోనూ, వచ్చిన ట్రయల్స్ చదివిన మేరకీ రాస్తున్నాను.

మన శరీరంలో ప్రతి కణం చుట్టూ కొవ్వు పదార్థంతో అల్లుకున్న ఒక పలచటి పొర ఉంటుంది. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. ఆ పొరకి ఇటూ అటూ ఎప్పుడూ కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటుంది. నరాల కణాల్లో అయితే అది 70 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. ఇప్పుడు బయటి నుంచి సెంటీమీటరుకి 1000 వోల్టుల చొప్పున ఫీల్డ్ (విద్యుత్ క్షేత్రం) పెట్టామనుకోండి. కణం వ్యాసం 20 మైక్రాన్లు అయితే, పొర మీద అదనంగా పడే వోల్టేజీ దాదాపు ఒకటిన్నర వోల్టు. వినడానికి చిన్నదే. కానీ అది 5 నానోమీటర్ల మందం మీద పడుతోంది కాబట్టి, లెక్క వేస్తే సెంటీమీటరుకి 30 లక్షల వోల్టులతో సమానం. ఏ పొరా అంత ఒత్తిడిని తట్టుకోలేదు. దాంట్లో కంటికి కనిపించనంత సన్న రంధ్రాలు పడతాయి. దీన్నే ఎలక్ట్రోపొరేషన్ అంటారు. 1982లో ఎబర్‌హార్డ్ న్యూమన్ బృందం ఇలా రంధ్రాలు చేసి ఎలుక కణాల్లోకి జన్యువులను పంపించి చూపించాక ప్రయోగశాలల్లో ఈ పద్ధతి బాగా వ్యాపించింది.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. పల్స్‌లు తక్కువగా, ఫీల్డ్ ఒక మోస్తరుగా ఉంటే ఆ రంధ్రాలు కొద్ది నిమిషాల్లో పూడుకుపోతాయి, కణం బతికే ఉంటుంది. రంధ్రాలు తెరిచి ఉన్న ఆ కాస్త సమయంలో మందు లోపలికి పంపిస్తే అది ఎలక్ట్రోకీమోథెరపీ. పల్స్‌లు ఎక్కువై, ఫీల్డ్ ఇంకా బలంగా ఉంటే కణం తేరుకోలేదు, మందు అవసరం లేకుండానే చచ్చిపోతుంది. అది ఇర్రివర్సిబుల్ ఎలక్ట్రోపొరేషన్, పొట్టిగా ఐఆర్ఈ. నానోనైఫ్ అనే పేరుతో మీరు విన్నది ఈ రెండో రకం మెషీన్. మందు లేకుండా పల్స్‌లతోనే కణజాలాన్ని చంపొచ్చని, అది వేడితో కాల్చడం కాదని 2005లో రాఫెల్ దవాలోస్, లూయిస్ మీర్, బోరిస్ రుబిన్‌స్కీ ఒక పేపర్‌లో చూపించారు. ఈ వైద్యానికి పునాది అదే.

వీడియోలో చెప్పిన "క్యాన్సర్ కణాలను మాత్రమే" అన్న మాట తప్పు. మీరు తీసుకోబోయే నిర్ణయమంతా దీని మీదే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పైన చెప్పిన లెక్కలో క్యాన్సర్ అన్న మాట ఎక్కడా లేదు. ఫీల్డ్ ఎంత, కణం ఎంత పెద్దది, పల్స్‌లు ఎన్ని అన్నవే ఉన్నాయి. ఆ ఫీల్డ్‌లో ఉన్న కణం మంచిదైనా చెడ్డదైనా పొరకి రంధ్రం పడుతుంది. ఫీల్డ్ చేరని చోట ఎంత భయంకరమైన క్యాన్సర్ కణమైనా హాయిగా బతికే ఉంటుంది. కాబట్టి ఈ వైద్యంలో ఎంపిక చేసేది కరెంట్ కాదు, సూదులు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే డాక్టరు. గడ్డ చుట్టూ సూదులు పాతి, వాటి మధ్య ప్రాంతమంతటా సరిపడా ఫీల్డ్ ఉండేలా చూసుకోవాలి. సాధారణంగా సూదికీ సూదికీ మధ్య ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల దూరం ఉంచుతారు. అవన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒక సూది కాస్త వాలినా ఒక మూల ఫీల్డ్ బలహీనపడుతుంది, అక్కడ కణాలు మిగిలిపోతాయి. పైగా ప్యాంక్రియాస్ పొట్ట వెనకాల, వెన్నెముకకి ముందు, పెద్ద రక్తనాళాల మధ్య ఇరుక్కుని ఉండే అవయవం. అక్కడ సీటీ లేదా అల్ట్రాసౌండ్ చూస్తూ నాలుగైదు సూదులని సమాంతరంగా దించడం చాలా నేర్పు కావలసిన పని.

మరి మంచి కణాలు కూడా చస్తే ఇందులో లాభం ఏమిటి? మీ నాన్నగారి గడ్డ ధమనిని చుట్టుకుందన్నారు కదా, లాభం అక్కడే ఉంది. రేడియో ఫ్రీక్వెన్సీ, మైక్రోవేవ్ లాంటివి గడ్డని వేడితో ఉడికించేస్తాయి. ఆ వేడికి పక్కనున్న నాళం గోడలు, పైత్యనాళం, పేగు కూడా దెబ్బతినవచ్చు. ఇంకో తిరకాసు ఏమిటంటే, పెద్ద నాళంలో పారే రక్తం ఆ వేడిని పట్టుకుపోతుంది, దాంతో నాళానికి ఆనుకున్న క్యాన్సర్ కణాలు సరిగ్గా చావవు. పల్స్ కొట్టేది కణం పొరని. నాళం గోడకి బలం ఇచ్చే కొల్లాజెన్ లాంటి పీచు పదార్థానికి పొర ఉండదు, అది అలాగే నిలబడుతుంది. ఇంట్లో మనుషులు లేకపోయినా గోడలూ కప్పూ నిలిచి ఉన్నట్టే, ఆ పీచు ఆధారం మీద తర్వాత మంచి కణాలు మళ్లీ పెరుగుతాయి. అందువల్లే సర్జన్ కత్తి పెట్టలేని చోట, వేడి పెట్టకూడని చోట ఐఆర్ఈ గురించి ఆలోచిస్తారు. వేడి అసలే పుట్టదని మాత్రం కాదు. సూదుల మొనల దగ్గర కొంత పుడుతుంది, మెటల్ దగ్గర్లో ఉంటే అది ఎక్కువవుతుంది.

మెటల్ అన్నాను కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను: మీ నాన్నగారికి వేసిన స్టెంట్ ప్లాస్టిక్‌దా, మెటల్‌దా? డిశ్చార్జ్ కాగితంలో రాసి ఉంటుంది, చూడండి. మెటల్ స్టెంట్ పక్కన పల్స్‌లు కొడితే ఫీల్డ్ వంకర్లు పోతుంది, వేడి పెరుగుతుంది. మెటల్ స్టెంట్ ఉంటే కొన్ని సెంటర్లు అసలు చేయవు, కొన్ని ముందే దాన్ని తీసి ప్లాస్టిక్‌ది వేస్తాయి. ఈ ఒక్క విషయం మీరు ముందే తెలుసుకుని చెబితే చాలా సమయం కలిసొస్తుంది.

ఇప్పుడు మా వైపు నుంచి ఆపరేషన్ థియేటర్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. వీడియోల్లో ఇది కనిపించదు. ఐఆర్ఈలో మామూలుగా ఒక్కో సూదుల జంట మధ్య 70 నుంచి 100 మైక్రో సెకన్ల పల్స్‌లు 90 దాకా కొడతారు. సెంటీమీటరుకి 1500 వోల్టుల లెక్కన, సూదుల మధ్య ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే 2250 వోల్టులు. మెషీన్ 3000 వోల్టులు, 50 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. 100 మైక్రో సెకన్ల పల్స్‌లు 90 అయితే ఒక జంట మధ్య కరెంట్ పారే సమయమంతా కలిపి 9 మిల్లీ సెకన్లే. కానీ అంత కరెంట్‌కి శరీరంలోని కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. టేబుల్ మీద మనిషి ఎగిరిపడితే లోపల ధమని పక్కన ఉన్న సూది కదిలిపోతుంది. కాబట్టి పేషెంటుకి పూర్తి జనరల్ ఎనస్తీషియా ఇవ్వాలి, దాని మీద కండరాలు సడలే మందు పూర్తి మోతాదులో ఇవ్వాలి. నరాన్ని చిన్న కరెంట్‌తో తట్టి చూస్తే బొటనవేలు ఒక్కసారి కూడా కదలకూడదు. మామూలు పొట్ట ఆపరేషన్లలో కొంచెం కదలిక మిగిలినా సర్దుకుంటాం, ఇక్కడ కుదరదు. మందు అంత బాగా ఎక్కినా, కరెంట్ నేరుగా కండరాన్నే తాకే చోట చిన్న కుదుపు వస్తూనే ఉంటుంది.

రెండోది గుండె. పల్స్ తప్పు సమయంలో పడితే గుండె లయ తప్పవచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. అందుకని మెషీన్‌కి ఈసీజీ కలిపి, గుండె కొట్టుకున్న వెంటనే, అది కొత్త కరెంట్‌కి స్పందించలేని ఆ కొద్ది క్షణంలోనే పల్స్ వెళ్లేలా చూస్తారు. అంటే ఒక్కో గుండె చప్పుడుకి ఒక్కో పల్స్. లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే డీఫిబ్రిలేటర్ ప్యాడ్‌లు ఛాతీ మీద ముందే అంటించి ఉంచుతాం. ప్యాంక్రియాస్ దగ్గర పల్స్‌లు పడుతున్నప్పుడు బీపీ ఒక్కసారిగా పైకి లేవడం నేను చూశాను. చేతి ధమనిలో లైన్ పెట్టి క్షణక్షణం చూసుకుంటూ, దించే మందు సిద్ధంగా పెట్టుకుని చేయాల్సిన పని ఇది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి, గుండె లయ దెబ్బతిన్నవాళ్లకి, మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకి అందుకే చాలావరకు వద్దంటారు. మీ నాన్నగారికి వీటిలో ఏదైనా ఉంటే దాచకుండా చెప్పండి. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. కోత లేదు కదా, పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి రావచ్చు అనుకుంటున్నారని మీ ప్రశ్నలో అర్థమైంది. ప్యాంక్రియాస్ విషయంలో అది సరికాదు. పేగుల నుంచి లివర్‌కి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిరలో రక్తం గడ్డకట్టడం, డ్యుయోడినమ్‌కి (చిన్నపేగు మొదటి భాగానికి) చిల్లు పడటం లేదా రక్తస్రావం కావడం, ప్యాంక్రియాస్ వాయడం, ఇవన్నీ దీనికి ఉన్న నిజమైన రిస్కులే.

మరి అన్ని రిస్కులు పడి చేయించుకుంటే ఎన్నాళ్లు కలిసొస్తుంది? ఈ ప్రశ్న చాలామంది అడగరు, మీరు అడిగారు. 2015లో అమెరికాలోని రాబర్ట్ మార్టిన్ బృందం 200 మంది ఫలితాలు ప్రచురించింది. అందరిదీ మీ నాన్నగారి లాంటి పరిస్థితే: గడ్డ నాళాలను చుట్టుకుంది, దూరంగా పాకలేదు. సగటు ఆయుష్షు, సరిగ్గా చెప్పాలంటే మీడియన్ (సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన కాలం), 24.9 నెలలు వచ్చింది. అప్పట్లో ఆ అంకె చూసి చాలామంది ఉత్సాహపడ్డారు, వీడియోలు కూడా దాన్నే పట్టుకుంటాయి. కానీ ఆ పేపర్‌లో ఇంకో రెండు సంగతులున్నాయి. వాళ్లందరికీ ముందు నెలల తరబడి కీమో ఇచ్చారు. నూటికి 37 మందికి ఏదో ఒక కాంప్లికేషన్ వచ్చింది. కీమో నడుస్తుండగానే జబ్బు పాకిపోయినవాళ్లు ఐఆర్ఈ దాకా రానేరారు. అంటే కీమోకి నిలిచినవాళ్లే ఆ 200 మంది. వాళ్లు ఎక్కువ కాలం బతికితే అందులో కీమో వాటా ఎంత, పల్స్ వాటా ఎంత? పక్కన పోల్చడానికి ఇంకో గుంపు లేనప్పుడు ఈ ప్రశ్నకి జవాబు రాదు.

పోల్చి చూసిన ట్రయల్ తర్వాత వచ్చింది. నెదర్లాండ్స్‌లో క్రాస్‌ఫైర్ అనే పేరుతో 68 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. అందరికీ ముందు కీమో. ఆ తర్వాత సగం మందికి ఐఆర్ఈ, సగం మందికి ఎంఆర్ఐ చూస్తూ ఇచ్చే స్టీరియోటాక్టిక్ రేడియేషన్, అంటే గడ్డకే గురిపెట్టి కొద్ది విడతల్లో పెద్ద మోతాదులో ఇచ్చే రేడియేషన్. 2024లో ఫలితాలు వచ్చాయి. చీటీ వేసిన రోజు నుంచి లెక్కపెడితే ఐఆర్ఈ గుంపులో మీడియన్ 12.5 నెలలు, రేడియేషన్ గుంపులో 16.1 నెలలు. గణాంకాల ప్రకారం దాన్ని తేడాగా లెక్కించడానికి వీల్లేదు. అంత చిన్న ట్రయల్‌లో అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. కానీ ఐఆర్ఈ గొప్పగా గెలుస్తుందని ఆశ పెట్టుకున్నవాళ్లకి అది దొరకలేదు, కొనసాగించినా తేడా తేలే అవకాశం లేదని ట్రయల్‌ని ముందుగానే ఆపేశారు. రేడియేషన్‌కి మత్తు అక్కర్లేదు, సూదులు అక్కర్లేదు. కాబట్టి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతున్నాను: మీ నాన్నగారికి కీమో తర్వాత కూడా ఆపరేషన్ కుదరకపోతే, స్టీరియోటాక్టిక్ రేడియేషన్ గురించి ముందు అడగండి. ఐఆర్ఈ గురించి దాని తర్వాతే అడగండి.

ఇంత చదివాక ఐఆర్ఈ పనికిరాదని అనుకోవద్దు. గడ్డ చిన్నగా, ఒకే చోట ఉండి, పక్కన కాపాడుకోవాల్సిన నాళమో నరమో ఉన్నప్పుడు దానికి నిజమైన విలువ ఉంది. లివర్‌లో పెద్ద నాళాలకి ఆనుకున్న గడ్డలకి వాడుతున్నారు. ప్రోస్టేట్‌లో, మూత్రం ఆపుకునే శక్తీ దాంపత్య జీవితమూ చెడకుండా గడ్డ ఉన్న భాగాన్ని మాత్రమే చంపడానికి వాడుతున్నారు. 2024 డిసెంబరులో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ప్రోస్టేట్ కోసం ఆ మెషీన్‌కి విడిగా అనుమతి కూడా ఇచ్చింది. ప్యాంక్రియాస్ మొండి అవయవం. జబ్బు బయటపడే వేళకే చాలామందిలో కంటికి అందని కణాలు రక్తంలోకి వెళ్లిపోయి ఉంటాయి. వాటిని వెంటాడగలిగేది రక్తంలో తిరిగే మందే. పల్స్ ఫీల్డ్ చేరినంత మేరే పనిచేస్తుంది. కీమో ఆపొద్దని మొదట్లోనే చెప్పడానికి కారణం ఇదే.

మీరు అడగకపోయినా, మన ప్రాంతానికి ఎక్కువ ఉపయోగపడుతుందని నేను నమ్మే మొదటి రకం గురించి, అంటే ఎలక్ట్రోకీమోథెరపీ గురించి, కొంచెం చెప్పాలి. బ్లియోమైసిన్ అనేది పాత మందు. మామూలుగా కణం పొరని దాటి లోపలికి వెళ్లడం దానికి చాలా కష్టం. పల్స్‌తో తలుపు తెరిస్తే లోపలికి దూసుకెళ్తుంది, ప్రయోగశాలలో దాని చంపే శక్తి వందల రెట్లు పెరిగింది. 1991లో ఫ్రాన్స్‌లో లూయిస్ మీర్ బృందం తల, మెడ క్యాన్సర్ ఉన్నవాళ్లలో దీన్ని మొదటిసారి వాడిన ఫలితాలు ప్రచురించింది. 2006లో యూరప్ సెంటర్లు కలిసి ఈసోప్ పేరుతో ఒక ప్రామాణిక పద్ధతి రాసుకున్నాయి: మందు రక్తంలోకి ఇచ్చి, 8 నిమిషాలు ఆగి, 28 నిమిషాల లోపు గడ్డ మీద 8 పల్స్‌లు, ఒక్కోటి 100 మైక్రో సెకన్లు. ఆ అధ్యయనంలో నూటికి 85 చర్మపు గడ్డలు తగ్గాయి, చాలావరకు పూర్తిగా మాయమయ్యాయి. రొమ్ము ఆపరేషన్ తర్వాత ఛాతీ చర్మం మీద మళ్లీ పుట్టే గడ్డలు, రక్తం కారుతూ వాసన వచ్చే పుండ్లు, రేడియేషన్ ఇక ఇవ్వలేనివి, ఇలాంటివాటికి ఇది గొప్ప ఊరట. పల్స్ పడిన చోట రక్తనాళాలు కాసేపు ముడుచుకుంటాయి కాబట్టి కారే రక్తం కూడా ఆగుతుంది. ఆ పుండుకి రోజూ కట్టు మార్చే ఇంట్లోవాళ్లకి ఆ తేడా ఎంతో నేను కళ్లారా చూశాను.

ఉత్తరాంధ్ర తీరం వెంబడి, శ్రీకాకుళం నుంచి మన విశాఖ పల్లెల దాకా, చుట్టని వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో తరాలుగా ఉంది. ఆ వేడికీ పొగకీ అంగిటి మీద క్యాన్సర్ వస్తుందని మన కేజీహెచ్, ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు దశాబ్దాల కిందటే రాశారు. ఆపరేషన్, రేడియేషన్ అన్నీ అయ్యాక నోట్లో, మెడ మీద మళ్లీ గడ్డ లేచిన ఒక ముసలామెకి ఎలక్ట్రోడ్ చేరగలిగినంత మేర ఈ వైద్యం ఇవ్వగలిగితే ఎంత బాగుంటుంది! బ్లియోమైసిన్ మందు ఖరీదైంది కాదు, ఖర్చంతా మెషీన్‌దీ ఎలక్ట్రోడ్లదీ. డెన్మార్క్‌లో జూలీ గేల్ బృందం అయితే ఆ మందు కూడా లేకుండా మామూలు క్యాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి పల్స్ కొట్టి చూసింది. రంధ్రాల గుండా క్యాల్షియం ఎక్కువగా లోపలికి చొరబడితే కణం శక్తి అయిపోయి చస్తుంది. అది చిన్న అధ్యయనమే అయినా, చర్మపు గడ్డల్లో ఫలితం బాగుంది. మనలాంటి చోట్లకి సరిపోయే వైద్యం అంటే ఇలాంటిదే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. బ్లియోమైసిన్ వాడినప్పుడు ఒక జాగ్రత్త మాత్రం మత్తు డాక్టరుకి తప్పక చెప్పాలి: ఆ మందు ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు, తర్వాత ఎప్పుడు మత్తు ఇచ్చినా అవసరానికి మించి ఆక్సిజన్ ఇవ్వకుండా చూసుకుంటాం. అందుకే ఆ మందు ఎప్పుడైనా ఎక్కించుకున్నవాళ్లు ఆ కాగితం దాచుకోవాలి.

నానో సెకన్ల పల్స్‌ల గురించి కూడా వీడియోలో ఉందన్నారు. అమెరికాలో ఓల్డ్ డొమినియన్ యూనివర్సిటీలో పరిశోధన మొదలైంది. 2006లో ఎలుకల్లో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) గడ్డల మీద 300 నానో సెకన్ల పల్స్‌లు, సెంటీమీటరుకి 20 కిలోవోల్టుల పైబడిన ఫీల్డ్‌తో కొడితే గడ్డలు ముడుచుకుపోయాయి. అంత పొట్టి పల్స్ కణం లోపలి భాగాలనూ తాకుతుంది. ఆసక్తికరమైన దారే, కానీ ఈ రోజు మీ నాన్నగారి నిర్ణయానికి దానితో సంబంధం లేదు.

ఇక ఆ బెల్టు. దాన్ని అమ్మేవాళ్లు రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నారు. ఒంటి మీద ధరించే నిజమైన వైద్యం ఒకటి ఉంది, ట్యూమర్ ట్రీటింగ్ ఫీల్డ్స్ అంటారు. అది పల్స్ కాదు. సెంటీమీటరుకి ఒకటి నుంచి మూడు వోల్టుల బలహీనమైన ఫీల్డ్‌ని సెకనుకి లక్షన్నర, రెండు లక్షల సార్లు దిశ మారుస్తూ, రోజుకి దాదాపు 18 గంటలు పెడతారు. పొరకి రంధ్రం పడదు. కణం రెండుగా చీలే పని చెడుతుంది. మెదడు క్యాన్సర్ గ్లయోబ్లాస్టోమాలో 695 మందితో చేసిన ట్రయల్‌లో మీడియన్ ఆయుష్షు 16 నెలల నుంచి 20.9 నెలలకి పెరిగింది. ప్యాంక్రియాస్‌లో కూడా పనోవా-3 అనే ట్రయల్ 571 మందితో చేశారు, 2025లో ఫలితాలు వచ్చాయి: కీమో ఒక్కటే ఇస్తే 14.2 నెలలు, కీమోతో పాటు ఈ ఫీల్డ్ కూడా పెడితే 16.2 నెలలు. గమనించండి, అక్కడ కూడా కీమో ఆపలేదు. ఆ పరికరం డాక్టరు రాస్తేనే ఇస్తారు, సీటీ చూసి ప్యాచ్‌లు ఎక్కడ అంటించాలో లెక్క కడతారు.

ఊళ్లో అమ్ముతున్న బెల్టు ఈ రెండింటిలో ఏదీ కాదు. మీరు పంపిన వివరాల ప్రకారం అది 9 వోల్టుల బ్యాటరీతో, చర్మం మీద రెండు ప్యాడ్‌లతో, జిల్లుమనే అనుభూతి ఇచ్చే పరికరం. నడుం నొప్పికి ఫిజియోథెరపీలో వాడే మెషీన్ల జాతి. ప్యాంక్రియాస్ దగ్గర సెంటీమీటరుకి 1500 వోల్టులు కావాలంటే సూదులు గడ్డలోకే వెళ్లాలి. చర్మం మీది ప్యాడ్‌లతో అంత ఫీల్డ్ లోపలిదాకా నిజంగా పంపిస్తే, మత్తు లేకుండా, ఈసీజీ లేకుండా, ఆ మనిషి గుండె ఏమవుతుందో పైన చెప్పాను. ఏమీ కావడం లేదంటే ఆ ఫీల్డ్ లోపలికి వెళ్లడం లేదనే అర్థం. ఆ డబ్బు ఉంచుకోండి. మీ నాన్నగారి తిండికీ ప్రయాణాలకీ పనికొస్తుంది.

ఇప్పుడు చేయాల్సినవి. కీమో అనుకున్న సైకిళ్ల దాకా వెళ్లనివ్వండి. నాలుగైదు నెలలు అయ్యాక ప్యాంక్రియాస్ ప్రోటోకాల్ సీటీ (ప్యాంక్రియాస్‌ని, దాని పక్క నాళాలని స్పష్టంగా చూపే స్కాన్) మళ్లీ తీస్తారు, రక్తంలో ఈ క్యాన్సర్‌కి గుర్తుగా చూసే సీఏ 19-9 ఎంత పడిందో చూస్తారు. కీమోకి బాగా లొంగితే ఒకప్పుడు కుదరదన్న ఆపరేషన్ కొందరికి కుదురుతుంది. ఆ అవకాశాన్ని చేజార్చుకోకూడదు. ఆ సీటీ వచ్చాక సర్జన్, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు, రేడియాలజిస్ట్ కలిసి కూర్చుని చూసే ట్యూమర్ బోర్డులో మీ నాన్నగారి కేసు పెట్టమని అడగండి. మీకు అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది, అది టాటా మెమోరియల్ సెంటర్‌ది. ఇప్పుడు చూపిస్తున్నది వేరే చోట అయినా రెండో అభిప్రాయానికి అక్కడికి వెళ్లడంలో తప్పు లేదు, ఏ మంచి డాక్టరూ దాన్ని తప్పుగా తీసుకోరు. రిపోర్టు కాగితాలతో పాటు సీటీ సీడీ, బయాప్సీ బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో భద్రపరిచినవి) తీసుకెళ్లండి. కాగితం మీద రాసిన నాలుగు లైన్లు చూసి ఎవరూ సూదులు పెట్టాలో వద్దో చెప్పలేరు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

ఆ బోర్డు ఐఆర్ఈ మాట ఎత్తితే, చేసే డాక్టరుని నిలబెట్టి అడగండి: గడ్డ ఎన్ని సెంటీమీటర్లు ఉంది, మూడు దాటిందా? ప్యాంక్రియాస్‌లో మీరు ఇంతకుముందు ఎంతమందికి చేశారు, వాళ్లలో ఎంతమందికి రక్తస్రావమో చిల్లో అయింది? పొట్ట తెరిచి చేస్తారా, చర్మం గుండా చేస్తారా? చేసిన తర్వాత కీమో ఎప్పుడు మళ్లీ మొదలుపెడతారు? స్టీరియోటాక్టిక్ రేడియేషన్ కాకుండా ఇదే ఎందుకు? చివరి ప్రశ్నకి తడుముకోకుండా, మీ నాన్నగారి సీటీ చూపిస్తూ జవాబు చెప్పగలిగిన చోటే చేయించుకోండి.

ఇంకొక సంగతి, ఇది పూర్తిగా మా శాఖది. నాన్నగారు రాత్రిళ్లు వెన్నులోకి పొడుచుకొచ్చే నొప్పితో కూర్చునే ఉంటున్నారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. దాన్ని భరించాల్సిన పని లేదు. ప్యాంక్రియాస్ నొప్పిని మోసే నరాల గుంపు ఒకటి పెద్ద ధమని పక్కన ఉంటుంది. ఎక్స్‌రే లేదా సీటీ చూస్తూ, లేదా ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌తో, అక్కడ మందు వేసి ఆ నరాలను మొద్దుబారిస్తాం. సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అంటారు. నొప్పి తగ్గితే మార్ఫిన్ మోతాదు తగ్గుతుంది, నిద్ర పడుతుంది, తిండి తింటారు, కీమో తట్టుకుంటారు. ఈ వారం కీమోకి వెళ్లినప్పుడే పెయిన్ క్లినిక్‌కి రాసిమ్మని అడగండి, సీటీ దాకా ఆగకండి.

అన్నం తిన్నాక కడుపు ఉబ్బి, విరేచనం జిడ్డుగా నీళ్ల మీద తేలుతోందంటే ప్యాంక్రియాస్ ఎంజైమ్ చాలడం లేదని అర్థం. దానికి క్యాప్సూల్స్ ఉన్నాయి, మీ డాక్టర్ని అడిగి మోతాదు రాయించుకోండి. తినేశాక వేసుకుంటే అంత లాభం ఉండదు, మొదటి ముద్దతో పాటే మింగాలి. కొత్తగా షుగర్ వచ్చిందేమో కూడా ఒకసారి పరీక్ష చేయించండి. స్టెంట్ ఏ రకమో తెలిశాక ఇక్కడే రాయండి, నేను చూస్తాను. జ్వరం, చలి వణుకు వచ్చి కళ్లు మళ్లీ పచ్చబడితే మాత్రం స్టెంట్ మూసుకుపోయినట్టే అనుకుని అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి.